ఓపిక గల మనిషి

ఆదివారం పొద్దున్నే యారాడ నుంచి వచ్చే చేపలామె దగ్గర దయానందం కిలో నెత్తళ్ళు తీసుకున్నాడు. తీసుకున్నవాడు గిన్నెలో పోసి పెళ్ళాం ముందు పెట్టి, తను పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చిటికెన వేలంత చేప. ఒక్కోదానికీ తల గిల్లాలి, పొట్ట తియ్యాలి. చర్చికి టైమవుతోంది, జయమణికి ఇంకా సగం కూడా కాలేదు.

"ఇంత సన్న సేపలు బాగు సెయ్యాలంటే మీ ఆడోలకే సెల్లింది. మాకా ఓపికేదీ" అన్నాడు, ప్రేమగానే.

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విందో లెక్కలేదు. నవ్వి ఊరుకునేది. ఇవాళ చెయ్యి ఆగిపోయింది. మొన్న శుక్రవారం అదే మాట తనే కాయితం మీద పెట్టి సంతకం చేసింది మరి.

జయమణి పని చేసేది అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో. లైటు ముందు సీసా పెట్టి, లోపల నలుసుందేమో చూసే బల్లలుంటాయక్కడ. ఆ బల్లల దగ్గర కూర్చునేది అందరూ ఆడవాళ్ళే. ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువట! వాళ్ళ మీద సూపర్‌వైజరు జయమణి. ఆ పైన షిఫ్ట్ ఇన్‌చార్జి కుర్చీ ఒకటుంది, అందులో ఇంతవరకూ ఆడమనిషి కూర్చోలేదు. ఇప్పుడది ఖాళీ అయింది. వరసలో ఇద్దరున్నారు, బల్ల దగ్గరి ఆశాజ్యోతి, పక్క మిషన్ల దగ్గరి సాయిశంకర్. జయమణి పేరు అందులో లేదు. ఇద్దరి గురించీ అభిప్రాయం రాయమని మేనేజరు గురునాథరావు జయమణికి కాయితం ఇచ్చాడు.

'గట్టి మనిషి, నలుగుర్నీ అదిలించి పని చేయిస్తాడు' అని సాయిశంకర్ గురించి రాసింది. 'ఎంతో ఓపిక గల మనిషి, బల్ల దగ్గర ఆమె లేకపోతే కష్టం' అని ఆశాజ్యోతి గురించి రాసింది. మెచ్చుకుంటున్నాననే అనుకుంది గానీ, ముందరికాళ్ళకి బంధం వేస్తున్నానని అనుకోలేదు. నిజంగా అనుకోలేదా? పోయిన నెల సీసాల మీద తప్పు లేబుళ్ళు పడుతుంటే సాయిశంకర్ అందరి మీదా అరుస్తూ తిరిగాడు. గబగబా వెళ్ళి మిషను ఆపింది ఆశాజ్యోతి. ఎవర్నీ ఒక్క మాట అనకుండా తప్పెక్కడ మొదలైందో వెతికి పట్టుకుంది. జయమణి అదంతా కళ్ళారా చూసింది. చూసి కూడా రాయలేదు. మెల్లగా మాట్లాడే ఆడపిల్ల పెత్తనం చేస్తుందంటే తన మనసుకే ఎక్కలేదు. నాకు దక్కనిది దీనికెందుకన్న కుళ్ళు కూడా ఓ మూల ఉంది, ఎందుకు దాచాలి!

శనివారం మీటింగులో గురునాథరావు ఆ వాక్యం పైకి చదివాడు. సోమవారం సాయిశంకర్‌కి ఆర్డరిస్తామన్నాడు. ఆశాజ్యోతి ఓపికకి చప్పట్లు కొట్టించాడు. సాయంత్రం బస్సు దగ్గర ఆ పిల్ల దగ్గరికొచ్చింది.

"నాకు ఓపికెక్కువని నీకెవులు సెప్పినారక్కా? నా ఓపికయిపోయి రెండేళ్ళయింది. పైకి కనపడనివ్వలేదంతే."

జయమణికి తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దిగాల్సిన కూర్మన్నపాలెం వచ్చేదాకా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రాత్రి ప్రార్థనలో కూడా ఆ పిల్ల పేరు నోట రాలేదు.

ఇప్పుడు లేచి చేతులు కడుక్కుంది. గిన్నె మొగుడి ముందుకి జరిపింది.

"మిగతాయి నువ్వు గిల్లు."

"నాకేటొచ్చు?"

"నాకూ పుట్టుకతో రాలేదు" అని చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

సోమవారం ఆర్డరు మీద సంతకం కాకముందే గురునాథరావు గదిలోకి వెళ్ళి కొత్త కాయితం బల్ల మీద పెట్టింది. మిషను ఆపిన సంగతి మొట్టమొదటే రాసింది. చూసీ చూడనట్టు ఊరుకున్నది తనేనని కూడా రాసింది. అతను చదివి మెల్లగా మందలించాడు. ఇలా మూడ్రోజులకే మాట మారిస్తే ఆడవాళ్ళకి నిలకడ లేదంటారు, రేపు మీ ప్రమోషనుకే అడ్డమొస్తుంది, ఆలోచించుకోమన్నాడు.

సిగ్గుతో ఆమె ముఖం మండిపోతోంది. అయినా కాయితం వెనక్కి తీసుకోలేదు.

"ఆ ఓపిక మాట నాది కాదు సార్. తొమ్మిదేళ్ళ కిందట ఆ కుర్చీ నాను అడిగితే మీరు నాకన్న మాట. ఇన్నాళ్ళూ అది మెచ్చుకోలనుకుని దాసుకున్నాను. మొన్న తీసి ఆ పిల్లకిచ్చేసినాను."