ఎడమచేతికి అందే జేబు

స్కేలక్క ఆ పూట నాలుగో కాలరు గీస్తోంది. ఎడమచేత్తో ఇనుప స్కేలుని అట్టకాగితం మీద అదిమిపట్టి, పెదవుల మధ్య ఒక పెన్సిలు ఉంచుకుని, ఇంకో పెన్సిలుతో మెడ వంపు దాకా వచ్చి ఊపిరి బిగబట్టింది. అక్కడ ఊపిరి వదిలితే గీత వణుకుతుందని ఆమె నమ్మకం. ఇరవై నాలుగేళ్లుగా గీత వణకలేదు కాబట్టి ఆ నమ్మకాన్ని పరీక్షించే అవసరమూ రాలేదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. ఫ్యాక్టరీలో ఆ పేరుతో పిలిచే మనిషి లేడు. ఆ స్కేలు క్యాంటీన్లో కూడా చంకలోనే ఉంటుందని, మొగుడు నిద్రపోతుంటే అతన్నీ కొలిచేస్తుందని కుట్టు మిషన్ల దగ్గర ఆడవాళ్లు నవ్వుకుంటారు. నిజానికి ఒకసారి కొలిచింది కూడా. స్కేలక్క నలభై ఏడేళ్ల మనిషి, పొడగరి. అన్నేళ్లు బల్ల మీదికి వంగి కుడిభుజం ఎడమదానికంటే వేలెడు కిందికి జారింది. అందుకే తను గీసిన ప్యాటర్న్లతో కుట్టిన చొక్కా తొడుక్కుంటే తనకే ఒక పక్క జారిపోతుంది.

ప్యాటర్న్ రూములో కిటికీ ఒక్కటే. గోడ పొడవునా ఇనుప కడ్డీ, దానికి వరసగా కొక్కేలు, కొక్కేలకు అట్టకాగితపు ముక్కలు. ఒక్కో చొక్కాకు వీపు, ఛాతీ, చెయ్యి, కాలరు అన్నీ కలిపి ఒక గుత్తి. ప్రతి గుత్తి మీదా ఊదారంగు సిరాతో నంబరు ముద్ర. నంబరు లేని కాగితాన్ని ఆర్నెల్లకోసారి గది దులిపేటప్పుడు చెత్తలో వేసేస్తారు. మూలన తెల్లగుడ్డ చుట్టిన బొమ్మ నిలబడి ఉంటుంది. ఇక్కడ గీసే ప్రతి చొక్కా ముందు ఆ బొమ్మకి సరిపోవాలి. ఆ బొమ్మకి తల లేదు, చేతులు లేవు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ వింతగా అనిపించలేదు, స్కేలక్కకి కూడా. అమ్మ మంచాన పడేదాకా.

బల్ల చివర, సుద్దముక్కల డబ్బా కింద, మేనేజరు పంపిన కాగితం ఉంది. ఈ గది పెద్ద మాస్టరుకి ఇవాళే ఆఖరి రోజు. ఆయన కుర్చీ ఇక స్కేలక్కది. సాయంత్రం అయిదులోగా సంతకం పెట్టి పంపాలి. ఆ కుర్చీ కోసం పదకొండేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన మనిషి, పొద్దుటి నుంచి ఆ కాగితం వైపు చూడకుండా నాలుగు కాలర్లు గీసింది. అయిదోది అవసరం లేకపోయినా మొదలుపెట్టింది.

పొద్దున టీ తాగుతూ భర్త ఆ మాటే ఎత్తాడు. ఆయన బడిపిల్లల వ్యాను నడుపుతాడు. పిల్లలతో వేళాకోళాలాడి ఇంట్లోనూ అదే అలవాటు.

“ఇన్నాళ్లూ కుర్చీ ఎప్పుడొస్తుందా అన్నావు. అదే వచ్చి కూర్చోమంటుంటే ఇప్పుడు కాళ్లు నొప్పులంటావేంటి?”

ఆయన కప్పు కడిగి బోర్లించి, బయల్దేరుతూ తలుపు దగ్గర ఆగాడు. నీ ఇష్టం, ఏం చేసినా సాయంత్రం ఆ మొహం మాత్రం మామూలుగా పెట్టుకుని రా అన్నాడు. ఆ మాటతో ఆమెకు బరువు దిగిపోవాల్సింది, కానీ ఇంకా పెరిగింది.

ఆమెకు ఏం కావాలో ఆమెకు తెలుసు. తెలియకపోతే బాధే లేదు. వరసలో ఆఖరి కొక్కేనికి నంబరు లేని గుత్తి ఒకటి వేలాడుతోంది, గది దులిపే ప్రతిసారీ ఆమె దాన్ని దాచి మళ్లీ తగిలిస్తుంది. అది అమ్మ చొక్కా.

అమ్మ బస్సు కండక్టరు. ముప్పై ఏళ్లు రెండు జేబుల చొక్కా తొడుక్కుని, కదిలే బస్సులో కూడా దేన్నీ పట్టుకోకుండా, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆమెకు వదులు గౌన్లే దిక్కయ్యాయి. ఒకరోజు కూతుర్ని పిలిచి, నాకో చొక్కా కుట్టవే, చెయ్యి ఎత్తకుండా తొడుక్కునేది, ఎడమచేతికి అందేచోట జేబుండాలి అంది. ఆదివారం కుడతానంది స్కేలక్క. సీజను ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఆదివారాలు కూడా ఫ్యాక్టరీకే పోయాయి. అమ్మ మళ్లీ అడగలేదు. అడగని మనిషిని మరిచిపోవడం ఎంత సుఖమో! నాలుగు నెలలకి అమ్మ ఆ వదులు గౌనులోనే పోయింది.

పదిహేను రోజుల తర్వాత, పని అయిపోయిన ఒక సాయంత్రం, స్కేలక్క ఆ చొక్కా గీసింది. మెడ నుంచి చంక కిందదాకా ఒక పక్కంతా తెరుచుకునేలా, ఒంటిచేత్తో నొక్కితే పడే గుండీలతో. దాని ఫోటో తీసి ఫోన్లో అందరికీ కనిపించేలా పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. మర్నాటికి ముగ్గురు అడిగారు, మా నాన్నకి కావాలని ఒకరు, మా అక్కకని ఒకరు. రెండేళ్లలో ఆ అడిగేవాళ్లు పెరిగి, ఇలాంటివాళ్ల కోసమే పనిచేసే చిన్న సంస్థ ఒకటి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. వాళ్లు కొలతలు పంపుతారు, ఆమె ఇంట్లో కంప్యూటర్లో గీసి పంపుతుంది, ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో కాగితాల మీద అచ్చు తీయించి కుట్టించుకుంటారు. ఇప్పుడు నూటనలభై మంది వరసలో ఉన్నారు. పూర్తిగా మాతో వచ్చేయకూడదా అని పోయిన నెల అడిగారు. ఫ్యాక్టరీ ఇచ్చేదానిలో సగానికి కాస్త పైన ఇస్తారట. ఆలోచించుకుంటానని చెప్పి, అప్పటి నుంచి ఆలోచించడం మానేసి ఆశపడుతూ కూర్చుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయబోతుంటే ఫోను మోగింది. ఆ వరసలో ఉన్న టీచరమ్మ. ఎక్కడో వేరే ఊరు. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి, సోమవారం మళ్లీ బడికి వెళ్లబోతోంది. కొలతలతో పాటు ఒక ముక్క కూడా రాసింది. కోడలు బంగారం లాంటి పిల్ల అనీ, అయినా రోజూ పొద్దున్నే ఆ పిల్ల ముందు చేతులు చాపి నిలబడి గుండీలు పెట్టించుకుంటుంటే ఏడుపొస్తుందనీ. బడికి వెళ్లే మొదటిరోజు తన చొక్కా తనే తొడుక్కోవాలి. ఆమెకున్న కోరిక అంతే.

“ఏమీ అనుకోకండమ్మా,” అంది టీచరమ్మ. “మీరు చెప్పినట్టే ముందు పాత దుప్పటి గుడ్డతో కుట్టించాను. బాగుంది. కాకపోతే తెరుచుకునే వైపు తప్పయింది. నాకు పడిపోయింది కుడిచెయ్యండీ.”

స్కేలక్క చెయ్యి మూత మీదే ఆగిపోయింది. కొలతల్లో ‘పడిపోయిన చెయ్యి’, ‘పనిచేసే చెయ్యి’ అనే ఉంది తప్ప ఏది ఏ వైపో లేదు. ఆమె ఫోటో చూసి గీసింది. మళ్లీ ఆ ఫోటో తెరిచింది. టీచరమ్మ తన ఫోన్లో తనే చూసుకుంటూ తీసుకున్న ఫోటో అది. టీచరమ్మ వెనక గోడకి క్యాలెండరుంది. దాని మీద అంకెలన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉన్నాయి. పదిరోజులు ఆ ఫోటోని కళ్లలో పెట్టుకుని గీసింది. భుజం ఎంత జారిందో నూలు వాసి తేడా లేకుండా పట్టింది కానీ, గోడ మీద అంత క్యాలెండరు కనపడలేదు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనండీ, కాసేపాగి నేనే ఫోను చేస్తాను అని పెట్టేసింది. డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

ఫ్యాక్టరీలో ఆమె తప్పులు రెండే రెండు. ఒకసారి చంక దగ్గర పావంగుళం, ఒకసారి కాలరు మొన. రెండుసార్లూ నంబరు వేసి పైనుంచి ఉత్తరం వచ్చింది, నంబరు వేసి ఇక్కడినుంచి జవాబు వెళ్లింది. అంతకుముందూ ఆ తర్వాతా ఆమె గీసిన లక్షల చొక్కాలు ఎవరి ఒంటి మీదికి వెళ్లాయో, ఎవరికి బిగుతయ్యాయో, ఎవరు ఒకసారి తొడిగి పక్కన పడేశారో ఆమెకు ఏ కబురూ రాలేదు. ఇరవై నాలుగేళ్లలో ఒక్క మనిషి కూడా ఫోను చేసి, ఇది నాకు సరిపోలేదమ్మా అనలేదు.

సిగ్గుతో మండుతున్న మొహాన్ని అరచేతుల్లో పెట్టుకుని కూర్చుంటే, ఆ సిగ్గు కిందే ఇంకేదో కదిలింది. అది సంతోషమని ఒప్పుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. అమ్మ మళ్లీ అడిగినట్టుంది. ఇదిగో, రెండోసారి అడుగుతున్నాను, ఇప్పుడైనా సరిగ్గా కుట్టు అన్నట్టుంది.

లేచి ఆఖరి కొక్కెం దగ్గరికి వెళ్లింది. టీచరమ్మ చొక్కాని అమ్మ ప్యాటర్న్ నుంచే తీసింది తను. అమ్మది కుడిచెయ్యి, ఈవిడది ఎడమచెయ్యి అనుకుని మొత్తం తిరగేసి గీసింది. అమ్మ కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. తర్వాత తన వెర్రితనానికి తనే నవ్వుకుంటూ ఫోను తీసింది.

“టీచరమ్మగారూ, ఆ కాగితం ముక్కలు పారెయ్యలేదు కదా? అన్నిటినీ బోర్లా తిప్పి బట్ట మీద పెట్టమనండి. అంతే. జేబు కూడా దానంతటదే ఎడమచేతివైపుకి వచ్చేస్తుంది.”

అవతల కాగితాల గలగల వినిపించింది. తర్వాత టీచరమ్మ నవ్వింది. అద్దంలో కుడి ఎడమగా కనిపిస్తుందని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పి, తీరా తన ఫోటో తనే అలా పంపానంది. కుట్టేమనిషి పక్కింట్లోనే ఉందట, ఆదివారానికి అసలు బట్టతో అయిపోతుందట. సోమవారం పొద్దున ఎంతసేపు పట్టినా తనే తొడుక్కుంటానంది. సరిపోకపోతే మళ్లీ ఫోను చేస్తాను, విసుక్కోకండి అంది.

“చెయ్యండి,” అంది స్కేలక్క. “తప్పకుండా చెయ్యండి.”

నాలుగింటికి క్యాంటీన్లో పెద్ద మాస్టరుకి టీ, బిస్కెట్లు ఇచ్చి ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొడుతుండగా స్కేలక్క మేనేజరు గదికి వెళ్లి, సంతకం లేని కాగితాన్ని, దాంతోపాటు తన చేత్తో రాసిన నాలుగు వరసల ఉత్తరాన్ని ఇచ్చింది. మేనేజరు ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు. ఆ కుర్చీకి ఇంకా ముగ్గురున్నారని గుర్తుచేశాడు. ఆమె వాడుకోని సెలవులు లెక్కేస్తే నోటీసు రోజులకంటే ఎక్కువే వచ్చాయి. అలాగైతే సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు. ఇరవై నాలుగేళ్లు అలా అయిదు నిమిషాల్లో అయిపోయేసరికి ఆమెకు చివుక్కుమంది. కాస్త బతిమాలతాడేమో అనుకుంది పాపం.

ప్యాటర్న్ రూములో పెద్ద మాస్టరు తన కుర్చీ మీది మెత్త తీసి దులుపుతున్నాడు. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలకి దారం కట్టి మెడలో వేలాడేస్తాడు. ఆమెకు స్కేలు పట్టడం నేర్పింది ఆయనే. ఈ కబురు ఆయనకి ఎలా చెప్పాలా అని ఆమె వారం నుంచీ కుమిలిపోతోంది. ఈలోపే ఎవరో చెప్పినట్టున్నారు.

“కుర్చీ వద్దా పిల్లా?”

“వద్దండీ మాస్టారూ. ఇవాళ ఒకావిడ ఫోను చేసి, నువ్వు గీసిన చొక్కా నాకు సరిపోలేదంది.”

“సరిపోలేదంటే వెళ్లిపోతావా?”

“అందుకేనండీ.”

ఆయన మెత్తను కుర్చీ మీద పెట్టి, మళ్లీ తీసి, చంకలో పెట్టుకున్నాడు. మూలన ఉన్న బొమ్మ వైపు చాలాసేపు చూశాడు.

స్కేలక్క తన సామాను సర్దుకుంది. సామానంటే స్కేలు, రెండు పెన్సిళ్లు, తినని డబ్బా. ఆఖరి కొక్కెం దగ్గర ఆగి, అమ్మ వీపు ముక్కని వేళ్లతో ఒకసారి తడిమింది. గేటు దగ్గర సంచులు వెతుకుతారు. ఫ్యాక్టరీ కాగితం బయటికి పోకూడదు. తీసుకెళ్లు, వాచ్‌మన్‌కి నేను చెప్తానన్నాడు మాస్టరు. ఇంట్లో నకలుందనీ, ఇప్పటికి చాలా ఊళ్లలో ఉందనీ, ఇది ఇక్కడి కాగితమనీ ఆమె అంది. అంటూనే కళ్లు తుడుచుకుంది.

తలుపు దాటాక వెనక డ్రాయరు లాగిన చప్పుడైతే తిరిగి చూసింది. పెద్ద మాస్టరు కళ్లద్దాలు పెట్టుకుని, రిజిస్టరులో కొత్త వరస గీసి, ముద్రలో అంకెలు ఒక్కొక్కటే తిప్పి, ఆఖరి కొక్కెం మీది ప్రతి ముక్క మీదా నొక్కాడు. ఆయన ఆమె వైపు చూడలేదు. ఆమె పిలవలేదు. మెట్లు దిగి, గేటు దగ్గర సంచి తెరిచి చూపించి, బస్సు కోసం రోడ్డు దాటింది.

పైన గదిలో ఆఖరి కొక్కేనికి ఆ అట్టకాగితం ఫ్యాను గాలికి మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. ఎవరూ ఎప్పుడూ ఆర్డరు పెట్టని ఊదారంగు నంబరు దాని మీద ఇంకా తడిగానే ఉంది. దాని కింద, ఎడమచేతికి అందేచోట, పెన్సిలుతో గీసిన జేబు.