టీవీకి వెనకవైపు

...అయినా చూపుకు బరువుంటుందా? ఉంటే అది ఎంత దూరం పోతుంది? ఆత్మకూరు బస్టాండు ఎదుటి వినాయకుని మండపంలో బయలుదేరి, సముద్రం దాటి, జొహన్నెస్‌బర్గ్‌లో బ్యాటు పట్టుకుని నిలబడ్డ మనిషి మోచేతిని తాకి, బంతిని తగలాల్సిన చోట తగలకుండా చేస్తుందా? చేయదని కురుమూర్తికి తెలుసు. అతను టీవీ మెకానిక్కు. బొమ్మ అటునుంచి ఇటు వస్తుందే గానీ ఇటునుంచి అటు ఏదీ పోదు. వైరు పొడవునా వెతికినా అలా పోయే దారి లేదు. ఈ సంగతి అతని చేతులకు బాగా తెలుసు. మనసుకు చెప్పాలంటేనే...

"కురుమూర్తన్నా! చుక్కలొస్తున్నయే! పిన్ను జర గట్టిగ పట్టు!"

కేకేసినవాడు శివ. మండపం కుర్రాళ్లకు పెద్ద. కురుమూర్తి ఉలిక్కిపడి కేబుల్ పిన్నును రెండు వేళ్లతో అదిమాడు. అటువైపు జనం "హా" అని కుదుటపడ్డారు. బొమ్మ నిలబడినట్టుంది.

అతనికి బొమ్మ కనబడదు. టీవీ జనం వైపు తిరిగి ఉంది, అతను దాని వెనక ఉన్నాడు. అతని వెనక వినాయకుడు. రేపు నిమజ్జనమని ఈ రాత్రి జరగాల్సిన భజనను శివ మ్యాచ్ అయ్యేదాకా ఆపించాడు. పాకిస్తాన్‌తో ఫైనల్, ఇరవై ఓవర్ల ఆటలో మొట్టమొదటి ప్రపంచ కప్పు, భజన ఎక్కడికి పోతుంది అన్నాడు. ఆ విధంగా ఆత్మకూరులో ఈ సాయంత్రం మ్యాచ్ చూడనివాళ్లు ఇద్దరే. ఒకరికి తొండం ఉంది.

నాలుగేళ్ల కింద, ప్రపంచ కప్పు ఫైనల్ రోజు, బాలన్న ఇంట్లో టీవీ మొరాయిస్తే కురుమూర్తే బాగుచేశాడు. సచిన్ ఫోరు కొట్టాడు. కురుమూర్తి చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చున్నాడు. సచిన్ అవుటయ్యాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయిన బాలన్న మీసం దువ్వుకుంటూ, "నువ్వొచ్చి గూసున్నవు, ఆయన లేసి పోయిండు" అన్నాడు. అంతా నవ్వారు. కురుమూర్తి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆరకముందే అతను తనను తాను పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. మరో మ్యాచ్‌లో కిటికీలోంచి తొంగిచూశాడు, వికెట్. దుకాణంలో రిపేరుకొచ్చిన టీవీ ఆన్ చేయగానే, వికెట్. చూసినా పడని రోజులు ఉండే ఉంటాయి. అవి లెక్కకు రాలేదు. మొన్న మార్చిలో వెస్టిండీస్‌లో బంగ్లాదేశ్ చేతిలో మనవాళ్లు ఓడినప్పుడు, దేశంలో కొందరు ఆటగాళ్ల దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఆత్మకూరులో మాత్రం కురుమూర్తి దుకాణం ముందు నిలబడి, "నిజం జెప్పన్నా, నువ్వు జూసినవా లేదా?" అని అడిగారు.

చూశాడు. పక్కింటి గోడ మీంచి, ఒక్క బంతి.

అప్పటినుంచి చూడటం మానేశాడు. బాధ లేకపోలేదు. కానీ ఆ బాధ అడుగున, ఎవరికీ చెప్పుకోలేని తియ్యదనం ఒకటుండేది. పెళ్లి కాని, పెద్దగా మాట్లాడని, బస్టాండు సందులో స్క్రూడ్రైవరుతో బతికే ఒక మనిషి రెప్పలెత్తితే చాలు, కోట్లమంది దేవుళ్లుగా కొలిచే ఆటగాడు తలవంచుకుని వెళ్లిపోతాడు. ఇంత పెద్దవాణ్ని ఈ ఊళ్లో ఇంకొకణ్ని చూపిస్తారా? తన వల్ల ఏమీ జరగదని తేలిపోతే, మిగిలేది మళ్లీ ఆ సందూ ఆ స్క్రూడ్రైవరే కదా.

మండపంలో టీవీ పెట్టింది ఈ సెప్టెంబరులోనే. పిన్ను వదులైంది, ఎవరో ఒకరు పట్టుకోవాలి, మెకానిక్కు కంటే మంచివాడెవడు, పైగా వెనక ఉంటాడు గనక చూడడు. అందరికీ నచ్చిన ఏర్పాటు. కొత్త పిన్ను వేయడం ఎంతసేపటి పని అని ఎవరూ అడగలేదు. కురుమూర్తీ చెప్పలేదు.

వెనక నిలబడ్డాక తెలిసింది, ఆటను మొహాల్లో కూడా చూడొచ్చని. యువరాజ్ అంటే అతనికి శివ మెడ. ఇంగ్లండు మీద ఆరు సిక్సర్లు కొట్టిన రోజు ఆ మెడ సాగింది, కళ్లు పందిరి దాకా వెళ్లాయి, దిగాయి, మళ్లీ వెళ్లాయి. ఆఖరిసారి వెళ్లినవి చాలాసేపు దిగలేదు. ధోని అంటే బాలన్న చేతులు. పొడుగు జుట్టు కెప్టెన్ క్రీజులో ఉన్నంతసేపూ బాలన్న గాల్లో స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు, ఘాట్ రోడ్డులో బండి దింపుతున్నట్టు. గంభీర్ అంటే మల్లమ్మ. ఆమె ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముకునే ముసలమ్మ, క్రికెట్టు తెలియదు. గంభీర్ ఆడుతున్నంతసేపూ ఆమె కొలత గిన్నె పల్లికాయ గంపలో ఆగకుండా మునుగుతూ తేలుతూ ఉంటుంది. జనం నింపాదిగా తింటున్నారంటే ఆట నిలకడగా ఉన్నట్టు. ఇక శ్రీశాంత్. బంతి అతని చేతికి పోతే సగం మొహాలు నవ్వేవి, సగం మొహాలు వినాయకుడి వైపు లేచేవి. వినాయకుడు తన వెనకే ఉన్నాడు గనక అవి తననే చూస్తున్నట్టు ఉండేది.

ఈ ఆటగాళ్లలో ఒక్కడి మొహం కూడా కురుమూర్తి సరిగా చూడలేదు. అయినా వాళ్లంతా ఆత్మకూరువాళ్లే అతనికి.

ఈ సాయంత్రం కూడా అలాగే నడిచింది. పొద్దుండగానే మొదలైంది. పెద్ద ఆటగాళ్లలో కొందరు దెబ్బతిని, కొందరు ఈ కప్పుకే రాక, కొత్తవాడు పఠాన్ ఇన్నింగ్స్ మొదలుపెట్టి వస్తూనే సిక్సరు కొడితే శివ మెడ ఒక్కసారి పైకి లేచింది. మల్లమ్మ గిన్నె చాలాసేపు ఆడింది. చివర్లో రోహిత్ అనే కుర్రాడు బాదుతుంటే, రంజాన్ నెల కదా, ఉపవాసం విడిచి నమాజు ముగించుకుని వచ్చినవాళ్లు ఖర్జూరాలు పంచారు. ఒకటి టీవీ మీదుగా కురుమూర్తి చేతికీ వచ్చింది. అవతలివాళ్ల వికెట్లు పడుతుంటే మొహాలు వెలిగాయి. ఆ తర్వాత మిస్బా అనేవాడు హర్భజన్‌ను వరుసగా సిక్సర్లు కొట్టాడు, మొహాలు ఆరిపోయాయి. కురుమూర్తి ఈ వైపునుంచి చూస్తే, ఎవరో కరెంటు తీసి వేస్తున్నట్టుంది.

ఆఖరి ఓవరు. పదమూడు పరుగులు కావాలి వాళ్లకు. మిగిలింది ఒక్క వికెట్టు.

"ఎవనికిస్తుండే బంతి?"

"జోగిందర్ అంట."

"ఏందీ? హర్భజన్ ఉండంగ గీనికిస్తడా?" అన్నాడు బాలన్న. స్టీరింగు చేతులు విడిపోయాయి.

కురుమూర్తి మొహాలన్నీ వెతికాడు. జోగిందర్ అన్న పేరుకు ఊళ్లో ఇంకా మొహం తయారుకాలేదు. ఏ మెడా సాగలేదు, ఏ చెయ్యీ లేవలేదు. అందరి కళ్లముందు, ఎవరి నమ్మకమూ లేకుండా, బంతి పట్టుకుని నడుస్తున్నాడు ఒక మనిషి. ఎట్లా ఉంటాడు? చెమటను చొక్కాకు తుడుచుకుంటాడా? నన్నెందుకు పిలిచారు అనుకుంటున్నాడా? నాలుగేళ్లలో మొదటిసారి కురుమూర్తికి, వికెట్టు పడుతుందో లేదో కాదు, ఒక మొహం చూడాలనిపించింది. ఎంతగా అనిపించిందంటే టీవీ పక్కనుంచి తల వంచబోయాడు, పిన్ను కదిలింది.

"అన్నా! దండం బెడ్త, గీ ఒక్క ఓవరు కదలకు!"

మొదటిది వైడు. జనం మూలిగారు. తర్వాతిది తగల్లేదు, ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాతిది ఎక్కడికి పోయిందో శివ కళ్లు చెప్పాయి. పందిరి దాకా వెళ్లి, పందిరి దాటి, బయట చీకట్లో ఎక్కడో పడ్డాయి. సిక్సరు. మనది కాదు.

ఇంకా నాలుగు బంతులు. ఒక్క దెబ్బ తగిలితే అయిపోతుంది.

"ధోని పోయి జోగిందర్‌తోని మాట్లాడ్తుండు" అన్నాడు ఎవరో, దవాఖానలో మాట్లాడినట్టు.

మల్లమ్మ గిన్నె పల్లికాయలో దిగబడి ఉంది. ఆమె శివ భుజం తట్టింది.

"ఏమ్రా, గిట్ల మొహాలు బెట్టుకున్నరు. ఇప్పుడు మనకేం గావాలె?"

"ఒక్క వికెట్ గావాలె అవ్వా. గంతే."

"మరి కురుమూర్తి సూస్తే వికెట్ పడ్తదని మీరే అంటరు గద. సూడుమనుండ్రి!"

మొహాలన్నీ ఒక్కసారిగా టీవీ మీద నుంచి లేచాయి. కురుమూర్తి అలవాటుగా వినాయకుడి వైపు తిరిగి చూశాడు. కానీ ఈసారి అవి నిజంగానే తనను చూస్తున్నాయి.

"అవ్వ జెప్పింది నిజమే గదరా!" బాలన్న లేచి నిలబడ్డాడు. "ఇన్నేండ్ల సంది మన బ్యాటింగుకే వీని దాపెడ్తున్నం. వాండ్ల బ్యాటింగుకు ముంగట గూసోబెట్టాలె అన్న ఆలోచన ఒక్కనికి రాలే! ఏయ్ కురుమూర్తీ, రార ముంగటికి!"

"రాన్నా, జల్ది! బంతేస్తున్నడు!"

"పిన్నెవరు పట్టుకోవాలె మరి?" అన్నాడు కురుమూర్తి.

"ఏమన్న జేయే!"

అతను జేబులోంచి అగ్గిపుల్ల తీసి విరిచి, పిన్ను పక్కన దూర్చి వదిలేశాడు. బొమ్మ కదల్లేదు.

"గింతేనా?" అన్నాడు శివ నోరు తెరిచి.

"గింతే."

"మరి ఇన్నొద్దులు గట్ల పట్టుకోని నిలబడ్తివి?"

చేతులు లాగాయి, తోశాయి, ఎవరి మోకాలో తగిలింది, పల్లికాయ పొట్టు కాలికింద కరకరమంది. టీవీ వెలుగు మొహం మీద పడింది. ఎదురుగా నిలబెట్టారు. బాలన్న చెయ్యి మెడ వెనక.

కురుమూర్తి కళ్లు మూసుకున్నాడు.

అది భయం కాదు, లేదా ఒక్క భయమే కాదు. చూస్తే పడిందనుకో, అప్పుడు సచిన్‌ను పంపింది నిజంగా తనే. నాలుగేళ్ల ఓటములన్నీ వరుసగా వచ్చి తన గుమ్మంలో కూర్చుంటాయి. చూసినా పడలేదనుకో, అప్పుడు తను ఎవరూ కాదు. ఏ వైపు తలుపు తెరిచినా లోపల తనే ఉన్నాడు, ఒకచోట కొండంత, ఒకచోట ఆవగింజంత. రెండూ చూడలేడు. రెప్పల వెనక ఎర్రటి చీకటి. అందులో మొహం లేని ఆ మనిషి పరుగు మొదలుపెట్టాడు. నీ బంతి నువ్వెయ్యి తమ్ముడూ, అనుకున్నాడు కురుమూర్తి. నేను నిన్ను ముట్టుకోను.

బ్యాటు చప్పుడు. మండపం మొత్తం ఊపిరి లోపలికి లాగిన చప్పుడు. మెడ మీద బాలన్న వేళ్లు బిగిశాయి. ఎవరో "శ్రీశాంత్... శ్రీశాంత్ కింద ఉండు..." అన్నారు, ఏడుస్తున్నట్టు. బంతి గాల్లో ఎంతసేపుంది? ఒక మనిషి తన బతుకంతా ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకునేంత సేపుంది.

తర్వాత ఏమి పగిలిందో తెలియదు. అరుపు కాదది. రేపటి నిమజ్జనానికి దాచిన టపాకాయల పెట్టెకు ఎవరో నిప్పు పెట్టేశారు. ఎవరో గంట వాయిస్తున్నారు. కురుమూర్తి కాళ్లు నేలను వదిలాయి. ఎవరి భుజాల మీదో ఉన్నాడు.

"చూసిండురా! కురుమూర్తి చూసిండు, వికెట్ పడ్డది!"

"నీ కండ్లు సల్లగుండ బిడ్డా!" మల్లమ్మ గొంతు. ఆమె అమ్మాల్సిన పల్లికాయను గిన్నెలు గిన్నెలుగా గాల్లోకి విసురుతోంది. రెండు గింజలు అతని చెంపకు తగిలాయి, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

చూడలేదు. ఆ మాట అతనిలో మెల్లగా, పాత సెట్టు వేడెక్కి బొమ్మ తెరుచుకున్నట్టు తెరుచుకుంది. నేను చూడలేదు. పడింది. నేను లేకుండానే పడింది. అయితే సచిన్ కూడా తనంతట తానే అవుటయ్యాడు. అందరూ తమంతట తామే కొట్టారు, తమంతట తామే పోయారు, ఆ మొహం లేనివాడు తనంతట తానే గెలిపించాడు. ఎక్కడా తన చెయ్యి లేదు. ఇన్నాళ్లూ భయపడింది ఈ మాటకేనా? ఇంత తేలికగా ఉంటుందా ఇది? భుజాల మీద ఊగుతూ అతను నవ్వడం మొదలుపెట్టాడు. నాలుగేళ్ల కింద బాలన్న ఇంట్లో చాప మీద సగంలో ఆగిపోయిన నవ్వు అది. ఈ జనంలో ఒకడు తను. పల్లికాయ గింజ చెంపకు అంటుకున్న ఒక మామూలు మనిషి. మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు, ఇంకా చూడలేదు, అంతే.

చెప్పేద్దామా వీళ్లకు? తర్వాత చెప్పొచ్చు. నమ్మరు ఎలాగూ.

"అన్నా, మల్ల జూపెడ్తుండ్రు!" కింద నుంచి శివ అతని కాలు పట్టి ఊపాడు. "జోగిందర్‌ను జూపెడ్తుండ్రు, పరుగెత్తుకుంట వస్తుండు! మంచిగ జూడు!"

కురుమూర్తి కళ్లు తెరిచాడు.