ఎంతమంది వింటారు

మా సంఘానికి వీడియో మీటింగులు పెట్టాలన్న ఆలోచన నరసింగరావుగారిది. ఆలోచనలన్నీ ఆయనకి వస్తాయి, పనులన్నీ నా నెత్తిన పడతాయి. ఆయన ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరై, రాయ్‌పూర్ దగ్గరి ఖుర్సీపార్‌లో ఉన్న మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. నేను అదే ఖుర్సీపార్‌లో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. ఆధార్‌లో తప్పులు దిద్దించడం, కాంట్రాక్టు వర్కర్లకి గేట్‌పాస్ దరఖాస్తులు నింపడం, పిల్లల అడ్మిషన్లు, అదీ నా బతుకు. కంప్యూటర్ ముట్టుకున్న పాపానికి నన్ను సంఘానికి సహాయ కార్యదర్శిని చేశారు.

మా సంఘం చేసే పనుల్లో పెద్దది తగువులు తీర్చడం. మొగుడూ పెళ్ళాలకి పడకపోయినా, అన్నదమ్ములు గోడ దగ్గర కొట్టుకున్నా, పోలీసుల దాకా పోకుండా ముందు పెద్దల ఎదుట కూర్చోవాలి. మా తాతలు ప్లాంటు కట్టడానికి కూలీలుగా వచ్చిన నాటి నుంచీ ఇదే పద్ధతి. చిక్కేమిటంటే ఇప్పుడు పెద్దలే ఇక్కడ లేరు. రిటైరైన వాళ్ళు ఒక్కొక్కరే క్వార్టర్లు ఖాళీ చేసి విశాఖ, పార్వతీపురం వైపు వెళ్ళిపోయారు. అందరూ మాట వినే పరబ్రహ్మంగారు బొబ్బిలిలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన నోటి నుంచి రాని తీర్పు మా వాళ్ళ దగ్గర వారం కూడా నిలవదు.

"ఏటమ్మా ఇందుమతీ, ఆ వయసులో ఆయన్ని రైలెక్కించే కన్నా ఫోన్లోకి ఎక్కించడం సుళువు కదేటి?" అన్నారు నరసింగరావుగారు నా సెంటర్‌కి వచ్చి. "ఇంకో ఫాయిదా కూడా ఉన్నాది. మొన్న హాల్లో రెండు పార్టీలూ కుర్చీలెత్తీసినారు. ఇందులో అయితే మైకు మూసీవొచ్చు."

మైకు మూసే సంగతి నాకూ నచ్చింది. ఎవరిది ముందు మూయాలో కూడా అప్పుడే అనుకున్నాను, పైకి అనలేదు.

ఆయన కోరికలు చిన్నవి కావు. మూడు వందల మంది పట్టాలి. మధ్యలో తెగకూడదు. ప్రతి మాటా రికార్డు కావాలి, ఎందుకంటే తీర్పు అయిన మర్నాడే "నేనలా అనలేదు" అనేవాళ్ళు మాలో ఎక్కువ. అంతా చవగ్గా రావాలి. మూడు వందల మంది ఎందుకండీ అంటే, నేనేదో అపచారం మాట్లాడినట్టు చూశారు. తగువంటే అందరికీ పిలుపు వెళ్ళాలి. మా వాళ్ళు పెళ్ళికి పిలవకపోతే సర్దుకుంటారు, తగువుకి పిలవకపోతే మాత్రం జన్మలో క్షమించరు. వచ్చి చేసేదేమీ ఉండదు. వెనక కూర్చుని వింటారు, ఇంటికెళ్ళి చెప్పుకుంటారు.

సరే, రెండు మూడు కంపెనీల వివరాలు తెప్పించాను. ఉచితంగా ఇచ్చేది కొంతసేపటికి దానంతటదే తెగిపోతుంది. అంటే మా వాళ్ళ కుశలప్రశ్నలు అయ్యి అసలు విషయంలోకి దిగేసరికన్నమాట. పెద్ద కంపెనీ మూడు వందల మందికి అడిగిన ఏడాది చందాతో సంఘం హాలుకి రంగులు వేయించొచ్చు. రాయ్‌పూర్‌లో ఒక ఏజెంటు చూపించింది చవగ్గా ఉంది. మీటింగంతా వాళ్ళే దాచిపెడతారు. పైగా ఎవరేం మాట్లాడారో సారాంశం దానంతటదే తయారై, లింకు అందిన ప్రతివాళ్ళకీ వెళ్ళిపోతుంది. అది విని నరసింగరావుగారు పొంగిపోయారు. ఇక మినిట్స్ పుస్తకం రాసే బాధ తప్పిందన్నారు. నేనూ తక్కువ తినలేదు. మూడు కంపెనీల్నీ పక్కపక్కన పెట్టి, రంగులద్ది, ఒక పట్టిక చేసి గోడకి అంటించుకున్నాను. ట్రయల్ మీటింగు కూడా ఒకటి పెట్టాం. అందరి మొహాలూ కనిపించాయి, అందరూ ఒకేసారి మాట్లాడారు, మహా సంతోషపడ్డారు.

మొదటి తగువు వనజాక్షిది అని ఖాయమైంది.

వనజాక్షి భర్త సూర్యప్రకాష్ ప్లాంటులో పనిచేస్తాడు. నెమ్మదైన మనిషి. వాళ్ళమ్మ జోగమ్మగారు వాళ్ళతోనే ఉంటారు. రెండు నెలల క్రితం వనజాక్షి పవర్ హౌస్ మార్కెట్ వెనకున్న పుట్టింటికి వెళ్ళిపోయింది, ఎంతమంది చెప్పినా రానంది. అత్తగారితో పడక వెళ్ళిపోయిందని ఖుర్సీపార్ అంతా తేల్చేసింది. పెద్దల ఎదుట తగువు పెట్టమని అడిగింది జోగమ్మగారే.

ఒకరోజు మధ్యాహ్నం, సెంటర్‌లో ఎవరూ లేనప్పుడు, వనజాక్షి వచ్చి కుర్చీ చివర కూర్చుంది.

"ఇందక్కా, ఆ మీటింగులో ఎంతమంది వింటారు?"

"మూడు వందల మంది హాయిగా పడతారు. తెగే ప్రసక్తే లేదు," అన్నాను గోడమీది పట్టిక చూపిస్తూ. నా గొప్ప నాది.

ఆ పిల్ల పట్టిక వైపు చూడనైనా లేదు. "పట్టడం కాదక్కా. వినేవాళ్ళెంతమంది? తర్వాత కూడా ఎవరైనా వినొచ్చా?"

వినొచ్చు అన్నాను. ఆమె చీర కొంగు మడతలు పెడుతూ అప్పుడు చెప్పింది. ఆమె చెప్పింది ఇక్కడ రాయడానికి నాకు తర్వాత అనుమతి దొరికింది. అది ఎవరిచ్చారో ముందు ముందు తెలుస్తుంది.

సూర్యప్రకాష్‌కి డిప్రెషన్. ఏడాది పాటు డాక్టర్ దగ్గర మందులు వాడాడు. వాడుతున్నప్పుడు నిద్ర పట్టేది, డ్యూటీకి పోయేవాడు, నవ్వేవాడు కూడా. ఆ మాత్రలు ఎందుకో జోగమ్మగారికి తెలిసిన రోజున ఇంట్లో గోల మొదలైంది. పిచ్చోడి తల్లి అంటారని ఆవిడ భయం. మాత్రలు మాన్పించి తాయెత్తు కట్టించారు. మళ్ళీ మొదలుపెట్టేదాకా ఇంటికి రానని వనజాక్షి వచ్చేసింది.

"మరి ఆ మాటే పెద్దలకి చెప్పు."

"ఎవరికీ చెప్పొద్దని ఆయన ఒట్టేయించుకున్నారక్కా. పరబ్రహ్మం తాతగారి వరకైతే ఒట్టు పక్కన పెట్టి చెప్తాను. ఆయన చెప్తే అత్త వింటుంది. కానీ మూడు వందల మందిలో చెప్తే మా ఆయన మళ్ళీ తలెత్తుకుని ప్లాంటు గేటు దాటలేరు. చెప్పకపోతే నాదే తప్పంటారు. అన్నా పర్లేదు గానీ, మందుల్లేకుండా ఆయన ఏమైపోతారో అని నాకు వణుకు పుడుతోంది."

ఆమె వెళ్ళాక నా పట్టిక వైపు చూస్తే నామీద నాకే చిరాకేసింది. ఎంతమంది పడతారని ఒక గడి, ఖర్చెంత అని ఒక గడి. వినకూడని వాళ్ళు విన్నారంటే ఏం కావాలన్న గడి లేదు. ఆ రాయ్‌పూర్ వాళ్ళ షరతులు అప్పుడు కూర్చుని పూర్తిగా చదివాను. రికార్డింగు ఎక్కడ దాస్తారో చెప్పలేదు, ఎప్పుడు చెరుపుతారో చెప్పలేదు. మన గొంతుల్ని తమ సేవ మెరుగుపరచుకోవడానికి వాడుకుంటామని మాత్రం మర్యాదగా చెప్పారు. ట్రయల్ మీటింగు లింకుని మా పక్క కొట్టు సునీల్ భయ్యా ఫోన్లో నొక్కి చూశాను. అతనికీ మా సంఘానికీ సంబంధం లేదు. పాస్‌వర్డ్ అడక్కుండా తెరుచుకుంది.

నేరుగా నరసింగరావుగారింటికి వెళ్ళాను. వనజాక్షి సంగతి చెప్పలేదు, అది నేను చెప్పాల్సింది కాదు. ట్రయల్ రోజున వచ్చిన సారాంశం మాత్రం చదివి వినిపించాను. మీటింగు మొదలయ్యే ముందు మైకు తెరిచి ఉందని తెలియక ఆయన భార్యతో మాట్లాడిన మాటలన్నీ అందులో ఉన్నాయి. అధ్యక్షులవారు మూడు రోజులుగా విరేచనం కాక బాధపడుతున్నారని మొదటి అంశంగా రాసి ఉంది.

ఆయన ముందు పగలబడి నవ్వారు. తర్వాత, "ఇది ఎంతమందికి ఎల్లినాది?" అన్నారు.

"లింకు అందిన అందరికీ."

ఆయన నవ్వు ఆగింది. "రికార్డూ వద్దు, ఏటీ వద్దు. తీసీ. కానీ పిలుపు మాత్రం మానీలేం తల్లీ. జనాల్ని పిలవకపోతే సంఘం రెండు ముక్కలైపోద్ది."

అక్కడే నాకు బుర్ర వెలిగింది. పిలుపు అందరికీ పంపుదాం, ఉచితంగా వచ్చే దాంట్లోకి. నమస్కారాలూ కుశలప్రశ్నలూ అవుతుండగానే అది దానంతటదే తెగిపోతుంది. కంపెనీ తెంపితే ఎవరు ఎవరిమీద అలుగుతారు? తగువు మాత్రం వేరే చిన్న మీటింగులో, లోపలికి ఒక్కొక్కరినీ నేనే రానిస్తాను, రికార్డు ఉండదు, సారాంశం ఉండదు. ఇంత చిన్నదానికైతే పెద్ద కంపెనీ వాళ్ళది కూడా మనకి అందుబాటులోనే ఉంది. ఆయన నన్ను మెచ్చుకోలుగా చూసి, ఇలాంటి తెలివి ఆడపిల్లకి ఉండకూడదన్నారు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుంది.

ఆదివారం పొద్దున సెంటర్ షట్టర్ సగం దించి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. అనుకున్నట్టే పెద్ద మీటింగు విశాఖలో ఎండల గురించి మాట్లాడుకుంటూ ఉండగా తెగింది. అందరూ కంపెనీని తిట్టుకుని పనుల్లో పడ్డారు. చిన్న మీటింగులో పరబ్రహ్మంగారు, నరసింగరావుగారు, వనజాక్షి, జోగమ్మగారు కనిపించారు. జోగమ్మగారి పక్కన సూర్యప్రకాష్ భుజం సగం మాత్రం కనిపిస్తోంది.

ముందు జోగమ్మగారు చెప్పారు, చాలాసేపు చెప్పారు. తర్వాత వనజాక్షి వంతు. ఆమె "తాతగారూ, నేను ఎందుకొచ్చేశానంటే..." అని ఆగిపోయింది.

పరబ్రహ్మంగారి వెనక నుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి ఆయన ముందు కాఫీ గ్లాసు పెట్టింది. ఎవరో దగ్గారు. అది ఆయన దగ్గు కాదు.

"అన్నయ్యా, ఆ గదిలో ఎవులున్నారు?" అన్నారు నరసింగరావుగారు.

"ఎవులూ నేరు, మనోలే. మా కోడలు, దాని తమ్ముడు, పక్కింటి మాస్టారు, ఈదిలో మనోలు ఓ నలుగురు. తగువు సూస్తన్నానని తెలిసాక పిలవకపోతే బాగోదు కదా!"

కంపెనీల షరతులన్నీ చదివాను, తలుపులన్నీ మూశాను, బొబ్బిలిలో హాలు తలుపు మూయాలని నాకు తోచలేదు. బయటికి పొమ్మంటే ఆ మాస్టారు మొహం ఎలా పెట్టుకుంటాడో, వీధిలోకెళ్ళి ఏం కథ అల్లుతాడో ఊహించడం కష్టం కాదు. వనజాక్షి తల దించుకుంది.

"నాకు చెప్పడానికేం లేదు తాతగారూ."

"సూసినారా?" అన్నారు జోగమ్మగారు. "సెప్పడానికేటీ నేదు దానికి. నా కొడుకుని ఒదిలీసి ఎలిపోనాది, అంతే!"

పరబ్రహ్మంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే తీర్పు వచ్చేస్తుందని అందరికీ తెలుసు. "మాటాడకపోతే తప్పు ఒప్పుకున్నట్టే అమ్మా. బేస్తారం నాటికి నువ్వు మీ ఇంటికి..."

కరెంటు పోయిందని చెప్పి మొత్తం ఆపేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను. అప్పుడే తెర మీద జోగమ్మగారి వైపు బొమ్మ కుదిపేసినట్టు ఊగింది, పైకప్పు ఫ్యాను కనిపించింది. తర్వాత సూర్యప్రకాష్ మొహం పూర్తిగా వచ్చింది. గడ్డం పెరిగి ఉంది. ఫోను అతని చేతిలో ఉంది.

"తాతగారూ, వనజ చెప్పదు. నేనే ఒట్టేయించుకున్నా. నేను చెప్తా."

"ఊరుకోరా! ఆలందరూ వింతన్నారు!" అని పక్కనుంచి జోగమ్మగారి గొంతు.

"సున్‌నే దో అమ్మా. విననీ." అతను ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "నాకు డిప్రెషన్ ఉంది తాతగారూ. డాక్టర్ మందులిచ్చాడు. తింటే బాగుండేవాణ్ణి. అమ్మ డరిపోయి మాన్పించింది. మళ్ళీ మొదలెట్టమని వనజ దెబ్బలాడి పోయింది. గల్తీ దానిది కాదు. మీ వెనక ఉన్న మాస్టారుగారు కూడా వినండి. ఇంక దాచడం నా వల్ల కావట్లేదు."

నేను హెడ్‌ఫోన్ తీసి ఏడ్చాను. ఆ మాట ఎవరెవరి చెవిన పడకూడదో మేం ఇన్ని రోజులు లెక్కలు కట్టాం. ఆ మాట ఎవరిదో అతన్ని ఒక్కళ్ళం కూడా అడగలేదు. చెప్పే హక్కు ఉన్న ఒకే ఒక్కడు అతను. చెప్పేశాడు, అదీ అంతమంది ఎదుట. ఇది రాసుకోమని తర్వాత నాకు చెప్పిందీ అతనే.

మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకునేసరికి పరబ్రహ్మంగారు మాట్లాడుతున్నారు. చాలా మెల్లగా మాట్లాడుతున్నారు.

"జోగమ్మా, నాను పదేళ్ళ నుంచీ బీపీ మాత్ర మింగుతన్నాను. నన్నెవులైనా ఏటైనా అన్నారా? ఆడిది కూడా ఒంట్లో బాగునేకపోడమే. మందు మానిపించడానికి నువ్వెవులివి?"

జోగమ్మగారు ఏడుస్తున్నట్టు వినిపించింది. భయంతో చేసిందే గాని కొడుకు మీద పగతో కాదు కదా. నరసింగరావుగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నారు. తీర్పు ఏమిటని ఎవరూ అడగలేదు.

వనజాక్షి తల ఎత్తి తెర వైపు చూసింది. పెద్దల వైపు కాదు.

"మాత్రలు ఇంట్లో ఉన్నాయా?"

"లేవు. అమ్మ పారేసింది."

"చీటీ నా దగ్గరుంది. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఇన్నాళ్ళు మానేశాం కదా, అడిగి మొదలుపెట్టాలి."

"మరి ఇవాళ?"

"ఇవాళ నేను వస్తున్నాను. ఏమైనా తిన్నావా?"

"లేదు."

"వచ్చి వండుతాను. అత్తని కూడా తినకుండా ఉండమను."