గులాబీ వాసన వేసిన గొర్రెపిల్ల

తెల్లవారేసరికి పొగమంచు కొట్టంలోకి కూడా వచ్చి తిష్ఠ వేసింది. గొర్రె ఎక్కడ అయిపోయి మంచు ఎక్కడ మొదలవుతోందో కోడలికి అంతు పట్టలేదు. అత్తగారు మాత్రం ఏడింటినీ దగ్గును బట్టే గుర్తుపడతారు. ఆ బూడిదచెవుల జాతిలో మిగిలినవి ఆ ఏడు గొర్రెలూ, ఒక ముసలి పొట్టేలూ. మూడేళ్లుగా పుట్టినవన్నీ పోతుపిల్లలే. ఈ వేకువన పుట్టింది ఆడది.

ఫొటో తీసి జాతి పట్టికలో ఎక్కించడానికి పశువుల డాక్టరు వస్తాడని తెలిసి, కోడలు పిల్లను గోరువెచ్చని నీళ్లలో తన గులాబీ సబ్బుతో రుద్ది కడిగింది. ఇంటికి ఎవరొస్తున్నా ముందు పిల్లల మొహాలు కడగడం ఆమె చేతులకు అలవాటైన పని. తువ్వాలుతో తుడిచి తల్లి ముందు నిలబెట్టింది. తల్లి వాసన చూసింది. ఇల్లు తప్పి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసి, పిల్లను తలతో పక్కకు నెట్టింది.

అత్తగారు వచ్చి పిల్లను ముక్కు దగ్గరకు ఎత్తుకున్నారు.

"దీన్నేమైనా పెళ్లికి తీసుకెళ్తున్నావా?"

తల్లి పిల్లను వాసనతోనే గుర్తుపడుతుందనీ, పొద్దెక్కేలోగా ముర్రుపాలు కడుపులో పడకపోతే పిల్ల దక్కదనీ ఆవిడ నెమ్మదిగానే చెప్పారు. కేకలేసినా బాగుండేదనిపించింది కోడలికి. పాలు పిండబోతే గొర్రె గిన్నెను తన్నేసింది. చేతికంటిన నాలుగు చుక్కలనూ పిల్ల వీపుకు పూశారు. గులాబీ ముందు అవి ఏపాటి?

పిల్ల అరుపు సన్నబడుతోంది. ఆ అరుపు వెనక, మంచులోంచి, ఎన్నో తరాల గొర్రెలు ఒకదాని వెంట ఒకటి నడిచొచ్చి, ఈ పిల్ల దగ్గర ఆగిపోయి, దారి ఏదమ్మా అన్నట్టు తనకేసే చూస్తున్నట్టు తోచింది కోడలికి. లేచి వెళ్లి సబ్బు తెచ్చింది.

"మళ్లీ అదెందుకు?"

"పిల్లకు పట్టిన వాసన పోగొట్టలేం కదత్తయ్యా. తల్లి ముక్కుకీ పూసేద్దాం."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసి, గొర్రె మెడ పట్టుకున్నారు. కోడలు తడిసబ్బును దాని మూతి చుట్టూ రుద్దింది. గొర్రె తుమ్మింది. గడ్డిని వాసన చూసింది, గోడను చూసింది, తన భుజాన్నే చూసుకుంది. లోకమంతా గులాబీయే. ఇక ఎవరిని పరాయివాళ్లనగలదు? పిల్ల తడబడుతూ పొదుగు కిందికి దూరింది. తల్లి కదల్లేదు. కాసేపటికి బుల్లి తోక ఊగడం మొదలైంది.

అత్తగారు పట్టు వదిలేసినా చెయ్యి మాత్రం గొర్రె మెడ మీదే ఉంచారు.

"ఇంకాస్త తాగనీ," అన్నారు.

ఆపుతున్నవాళ్లెవరూ లేరు.