కుర్చీ పెట్టిన చోటు

పార అంచు టైరుకు తగిలి టక్కుమనేసరికి రోస్కో తవ్వడం ఆపి, నడుం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. రాత్రంతా పడిన మంచు మోకాటి ఎత్తున పేరుకుంది. అది చాలదన్నట్టు తెల్లవారుజామున కార్పొరేషన్ బండి వచ్చి, రోడ్డు మధ్యనున్న మంచునంతా పక్కన ఆగి ఉన్న కార్ల మీదికి నెట్టేసి తన దారిన తాను పోయింది. షికాగో చలికాలంలో సగం చలైతే సగం ఈ తవ్వుడే. అరవై దాటిన మనిషి. భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి గానీ, పార పైకి లేచిన ప్రతిసారీ నోట్లోంచి ఒక చిన్న మూలుగు తనంతట తాను బయటికొస్తోంది. ఎవరూ వినలేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నాడు.

కారు బయటికి తీశాక, మెట్ల కింద పెట్టిన కుర్చీ తెచ్చి ఖాళీ అయిన చోట సరిగ్గా మధ్యలో నిలబెట్టాడు. ఉక్కు గొట్టాల కాళ్ళు, ఎర్ర రెక్సిను సీటు. సీటు చినిగినచోట నల్ల టేపు, ఒక కాలికి రబ్బరు ఊడిపోతే చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క. వాళ్ళమ్మ కుర్చీ అది.

మా వీధిలో తవ్వినవాడిదే చోటు. కుర్చీ పెట్టి వెళ్ళాడంటే సాయంత్రం వచ్చేదాకా అది వాడి సొంత జాగా. ఎదురింటివాళ్ళు ఇస్త్రీ బల్ల పెడతారు. చివరింటి డెమెట్రియస్ ప్లాస్టిక్ క్రిస్మస్ తాత బొమ్మ పెడతాడు. చట్టం ఒప్పుకోదు, పోలీసులు పట్టించుకోరు, కానీ ఒకరి వస్తువును ఇంకొకరు ముట్టుకోరు. ఒకప్పుడు వీధికి కొత్తగా వచ్చిన ఒకాయన కుర్చీ పక్కకు జరిపి కారు పెట్టుకున్నాడు. తెల్లారేసరికి ఎవరో గొట్టంతో నీళ్ళు కొట్టిపోయారు. కారు గాజుపెట్టెలో బొమ్మలా గడ్డకట్టింది. ఆయన మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

మూడో అంతస్తు కిటికీ పైకి లేచింది. అతని భార్య వెర్నెల్ తల బయట పెట్టింది, జుట్టుకు సిల్కు గుడ్డ కట్టుకుని.

"రాత్రికి చెప్పాలి, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఏం గుర్తుంది?"

"రాత్రికి చెప్పాలని."

"అది నేను గుర్తుచేశాను కాబట్టి గుర్తుంది. చెప్పాల్సింది గుర్తుందా అని."

రోస్కో చెయ్యి ఊపి కారెక్కాడు. కిటికీ మూసుకునే చప్పుడులోనే ఆవిడ విసుగు తెలిసిపోయింది.

విషయం ఇది. ఇల్లు చేతులు మారింది. కొత్త యజమాని వసంతం నుంచి అద్దె పెంచుతానన్నాడు, అదీ రోస్కో ఉద్యోగం నుంచి దిగే వసంతంలోనే. ఉంటారో లేదో రేపటికల్లా చెప్పమన్నాడు. అద్దె సంగతి అలా ఉంచితే, వెర్నెల్ మోకాళ్ళు మూడంతస్తుల మెట్లకు ఎప్పుడో దణ్ణం పెట్టేశాయి. స్కూలు వంటగదిలో జీవితమంతా నిలబడి చేసిన మనిషి, ఇప్పుడు ఆదివారం చర్చికి దిగితే మళ్ళీ ఆదివారం దాకా దిగదు. వీధి మొహం కిటికీలోంచే చూస్తుంది. చవకగా బతకగలిగే దక్షిణాది ఊరికి పోదాం, నేల మీద ఇల్లు తీసుకుందాం, ముందు ఒక వరండా, వెనక నాలుగు బెండ మొక్కలు, అంతే కదా అడిగేది అని ఆవిడ మొదలుపెట్టి చాలా కాలమైంది. రోస్కో కాదనలేదు. ఔననలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగి మెంఫిస్ చూశారు, బర్మింగ్‌హామ్ చూశారు, చాటనూగా చూశారు. ఆ మూడూళ్ళ అయస్కాంతం బొమ్మలూ ఫ్రిజ్ తలుపుకు అతుక్కున్నాయి. రోస్కో మాత్రం మీనమేషాలు లెక్కపెడుతూనే ఉన్నాడు.

"నువ్వు మనసారా చెప్పిన ఊరికైతేనే వస్తాను. పరాయి ఊళ్ళో నీ మాడుమొహం చూస్తూ బతకడం నా వల్ల కాదు. అంతకంటే ఈ మెట్ల మీదే పోతాను," అంది నిన్న వెర్నెల్. బెదిరింపు కాదది. అందుకే రోస్కోకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆసుపత్రి లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది. పైన ఎంత మంచు పడ్డా అక్కడ ఎండాకాలమే. తడి దుప్పట్లు బండ్ల నిండా వస్తాయి. ఒక కొస ఒకరు, రెండో కొస ఒకరు పట్టుకుని, ఒక్కసారి విదిలించి, అంచు సాపు చేసి వేడి రోలరుకు అందించాలి. మూల మడతపడితే ఆ మడత అలాగే కాలి బిగుసుకుపోతుంది, మళ్ళీ తడపాల్సిందే. రోస్కోకు ఎదురుగా నిలబడేది ఓబ్దూలియా. ఎన్నో ఏళ్ళ జత. దుప్పటి లాగే తీరును బట్టి ఆవిడ ఇంట్లో మొగుడితో పోట్లాడి వచ్చిందో, కూతురు ఫోన్ చేసిందో రోస్కో ఇట్టే చెప్పేస్తాడు.

ఇవాళ ఆవిడే చెప్పింది. "ఏంటి పెద్దాయనా, ఇవాళ అంతా నీ వైపే లాక్కుంటున్నావు? నాకు కాస్త మిగల్చు."

"లాగుతున్నానా?"

"చెయ్యి ఊడొచ్చేట్టుంది. ఇంకా ఊరు తేల్చలేదా?"

"రాత్రికి తేల్చాలంట."

"మా ఆయనైతే నన్నడక్కుండా సామాను సర్దేసేవాడు. మీ ఆవిడ నిన్ను అడుగుతోందంటే, నువ్వెంత అదృష్టవంతుడివో తెలియట్లేదు నీకు."

రోస్కో నవ్వి ఇంకో దుప్పటి అందుకున్నాడు. అదృష్టమేనని అతనికి తెలుసు. ఈ పని అంటే అతనికి విసుగు పుట్టింది లేదు. వేడి, సబ్బు వాసన, మడత లేని తెల్లటి గుడ్డ రోలరు అవతల నున్నగా దిగడం, అన్నీ బాగుంటాయి. పైన ఎవరో రోగి వీపు కింద అది మెత్తగా పరుచుకుంటుందని అనుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది. పెద్ద ఉద్యోగం రాలేదని ఒక్క రోజూ బాధపడలేదు. ఈ పనిలో చేర్పించింది వాళ్ళమ్మే. ఆవిడా ఈ రోలరు ముందే ముసలిదైంది.

వాళ్ళమ్మ అలబామాలో ఒక తెల్లవాళ్ళింట వంటమనిషిగా ఉండేది. ఆ వంటింట్లో కుర్చీలున్నాయి గానీ ఆవిడ కూర్చోవడానికి కాదు. వండినంతసేపూ నిలబడే, తిన్నా నిలబడే. వయసులో ఉండగానే, రైల్లో నల్లవాళ్ళకు భోజనం పెట్టరని చెప్పుల డబ్బాలో వేయించిన కోడి ముక్కలు పెట్టుకుని రైలెక్కి షికాగో వచ్చేసింది. ఇక్కడి మొదటి జీతంతో మంచం కొనలేదు, కుర్చీ కొంది. నేల మీద పడుకుని కుర్చీలో కూర్చుని తినేది. నన్ను కూర్చోనివ్వని ఊళ్ళకు నేను చచ్చినా రాను అనేది, దక్షిణాది మాటెత్తితే చాలు. అన్నట్టుగానే ఇక్కడే కన్నుమూసింది. ఆ అలబామాలోనే ఉన్న బర్మింగ్‌హామ్ వెళ్ళినప్పుడు వెర్నెల్ దిగి ఇల్లంతా చూసి వచ్చింది. రోస్కో కారు దిగలేదు. కడుపులో బాగాలేదన్నాడు. ఆవిడ నమ్మలేదు, అలాగని తవ్వలేదు కూడా.

సాయంత్రం వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. వీధికి రెండు వైపులా కార్లు కిక్కిరిసి ఉన్నాయి. అతని చోటు అతనికి ఉంది. కుర్చీ సీటు మీద కొత్తగా రాలిన మంచు దులిపి, దాన్ని మెట్ల కింద పెట్టి, పైకెక్కాడు. రెండో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఈ మధ్య అతనూ ఆగుతున్నాడు. ఆ సంగతి పైనున్నావిడకు చెప్పలేదు.

వెర్నెల్ ఒక కాలు పీట మీద పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని చేప వేయిస్తోంది. పక్కన మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర. తినడం మొదలుపెట్టాక ఆవిడే కదిపింది.

"మెంఫిస్ అయితే మా లొరెయిన్ ఉంది."

"అందుకే మెంఫిస్ వద్దు. మీ లొరెయిన్ పొద్దున్నే వచ్చి మన వంటింట్లో కూర్చుంటుంది."

"అది నిజమేలే." ఆవిడ మెంఫిస్ బొమ్మ తీసి బల్ల మీద పడేసింది. "బర్మింగ్‌హామ్?"

రోస్కో రొట్టె ముక్కతో పళ్ళెం తుడుస్తూ ఉండిపోయాడు. వెర్నెల్ కాసేపు చూసి, ఆ బొమ్మను కూడా తీసేసింది. దాన్ని మాత్రం పడేయలేదు, అరచేతిలో పెట్టుకుంది. ఆ ఇంటి వెనక ఎంత జాగా ఉందో ఆవిడకింకా కళ్ళకు కట్టినట్టుంది.

"ఇక చాటనూగా. మనిద్దరం మంచులో ఇరుక్కుపోయిన ఊరు," అంది.

ఆ కథ చర్చిలో అందరికీ తెలుసు, వెర్నెల్ చెప్పి చెప్పి అరగదీసింది. పోయినేడు ఆ ఊళ్ళో ఓ గది అద్దెకు తీసుకుని ఉండగా చీలమండ మునిగేంత మంచు పడింది. అంతమాత్రానికే ఊరు ఊరంతా తలుపులేసుకుంది. పార అనే వస్తువు ఆ వీధిలో ఎవరింటా లేదు. రోస్కో చెత్త ఎత్తే చేటతో కారు చుట్టూ తవ్వి, పాల కోసం వెళుతూ, ఆ ఇంటి వంటగది కుర్చీ తెచ్చి ఖాళీ చోట పెట్టాడు. షికాగో బుద్ధి. తిరిగొచ్చేసరికి పక్కింటి తెల్ల ముసలావిడ, ఒళ్ళో కుక్కపిల్లతో, ఆ కుర్చీలో హాయిగా కూర్చుని ఉంది. ఎవరో పుణ్యాత్ములు మంచు చూడ్డానికి కుర్చీ వేశారనుకుందట.

"నువ్వు చెప్పేది అక్కడికే అయిపోతుంది," అన్నాడు రోస్కో.

"ఇంకా ఉందా?"

"నేను కారు రోడ్డు మధ్యలో ఆపి దిగాను. నాకు తెలీకుండానే టోపీ చేతిలోకొచ్చేసింది వెర్నెల్. మా అమ్మ చెప్పేది కదా, మనవాళ్ళు తెల్లవాళ్ళ ముందు అలా నిలబడేవాళ్ళని. షికాగోలో పుట్టినవాణ్ణి, నాకెక్కడిదో ఆ అలవాటు. అలా నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి, కుర్చీ చూసి, గబుక్కున లేచింది. 'ఇది నీదా నాయనా? నీ కుర్చీలో నేను కూర్చుని నిన్ను నిలబెట్టానా?' అంది. నన్ను బలవంతాన కూర్చోబెట్టింది. లోపలికెళ్ళి తన కుర్చీ తెచ్చుకుంది. నడిరోడ్డు పక్కన, మంచులో, ఇద్దరం కూర్చున్నాం."

"ఏం మాట్లాడుకున్నారు?"

"బెండకాయల గురించి. అక్కడ ఎప్పుడు వెయ్యాలో చెప్పింది."

"పాలు తేవడానికి ఇంతసేపా అని ఆ రోజు నిన్ను తిట్టాను."

"ఊఁ. తిట్టావు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏడుస్తానేమోనని."

"ఇప్పుడు ఏడుస్తున్నావుగా."

"చేపలో మిరియాలెక్కువయ్యాయి." రోస్కో చేతి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "ఒక ముసలావిడ కుర్చీ ఇచ్చిందని ఊరంతా మంచిదైపోదు. అది నాకూ తెలుసు."

"ఊరంతా ఎవరిక్కావాలి? పక్కిల్లు మంచిదైతే చాలు," అంది వెర్నెల్. చేతిలోని బర్మింగ్‌హామ్ బొమ్మను ఒకసారి చూసుకుని, లొరెయిన్ ఊరి బొమ్మ పక్కన పెట్టేసింది. ఫ్రిజ్ మీద చాటనూగా రైలింజను బొమ్మ ఒక్కటే మిగిలింది. "నీకు మనస్ఫూర్తిగానేనా?"

"మనస్ఫూర్తిగానే."

"అయితే ఇంకో ముక్క తిను."

ఆ రాత్రి ఇద్దరూ ఉతికిన దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెట్టారు. ఆవిడ కూర్చునే పట్టుకుంది. రోస్కో లాగలేదు.

వాళ్ళు బయలుదేరింది ఏప్రిల్ మొదట్లో. ఇక రాదనుకున్న మంచు ఆ ముందు రాత్రే మళ్ళీ పడింది, పోయేవాళ్ళను కూడా తవ్వించకుండా వదలనన్నట్టు. సామానంతా కారు వెనక కట్టిన చిన్న ట్రైలరులో సరిపోయింది. ఓబ్దూలియా దారిలో కప్పుకోమని చేత్తో అల్లిన శాలువా ఇచ్చి పంపింది. వెర్నెల్ మెట్లన్నీ ఆఖరిసారి, ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా తిట్టుకుంటూ దిగి, ముందు సీట్లో కూర్చుంది. ఒళ్ళో చెప్పుల డబ్బా, డబ్బాలో వేయించిన కోడి. నవ్వుతాలుకే అలా కట్టానంది గానీ, రోస్కో ఆ డబ్బా మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు.

అతను కారు, ట్రైలరు జాగ్రత్తగా బయటికి తీసి ఆపి దిగాడు. మెట్ల కిందికెళ్ళి కుర్చీ తెచ్చి, ఖాళీ అయిన చోట, మధ్యలో, కాళ్ళు కదలకుండా నొక్కి నిలబెట్టాడు. తిరిగొచ్చి తలుపు వేసుకున్నాడు.

"అలవాటుకొద్దీ పెట్టేశావు. వెళ్ళి తీసుకురా," అంది వెర్నెల్.

"అలవాటు కాదు. రానంది కదా మా అమ్మ."

వెర్నెల్ అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చుంది. కారు మలుపు తిరిగింది.

రెండో పూటకే మంచు కరిగిపోయింది. ఎదురింటివాళ్ళు ఇస్త్రీ బల్ల లోపల పెట్టుకున్నారు, క్రిస్మస్ తాత అటకెక్కాడు. చోటు దొరక్క వీధిలో గుండ్రాలు తిరిగే కార్లు ఆ కుర్చీ దగ్గర నెమ్మదించి, మళ్ళీ ముందుకు పోయేవి. అది వాళ్ళదండీ అనేవాడు డెమెట్రియస్, ఎవరైనా దిగి అడిగితే. కొత్త అద్దెవాళ్ళొచ్చి పై కిటికీకి కొత్త పరదాలు కట్టారు. వాళ్ళూ కారు వీధి చివరే పెట్టుకున్నారు. బారుగా ఆగిన రెండు కార్ల మధ్య, పొడి రోడ్డు మీద, ఒక కాలికి సైకిల్ ట్యూబు చుట్టుకుని, ఎర్ర సీటు మీద ఎండ పడుతూ, కుర్చీ దాని చోట అది ఉంది.