బూజు పట్టిన బియ్యం

అల్లాబకాష్ ఒంటెపిల్ల చెవి వెనక్కి మడిచి పిడుదుల్ని లెక్కపెట్టాడు. పదకొండు. పది రోజుల కిందట ముప్పై దాకా ఉండేవి. రాలిపోయిన వాటినీ ఆయన వదలడు. తడి దూది పరిచిన సీసాలో వేసి మూత పెడతాడు. పిడుదు చస్తే చాలదు, దేనివల్ల చచ్చిందో ముదీర్‌కు, అంటే కొట్టం మేనేజరుకు, చూపించాలి.

అరబ్బుల దేశంలో, అల్ ఐన్ దారిలోని ఆ ఒంటెల కొట్టంలో ఆయనకిది ఇరవై రెండో ఏడు. ఊరు రాయచోటి పక్కన. పొట్టి మనిషి, వంగిన నడుము, పసుపు రంగుకు తిరిగి చిట్లిన గోళ్లు. ఆ గోళ్లు పురుగుమందు చలవే. ఏళ్ల తరబడి ఒంటెల్ని దానితోనే కడిగాడు. పోయిన ఎండాకాలం మందు పడిన పిల్ల ఒకటి నురగ కక్కుతూ ఆయన ఒళ్లోనే చచ్చింది. అప్పటినుంచి ఆ డబ్బా ముట్టనని భీష్మించాడు. మొండితనంలో ఒంటెలే ఆయన దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

చివరికి పశువుల డాక్టరు బూజు విత్తనం ఇచ్చాడు. పిడుదును చంపుతుంది, ఒంటె జోలికి పోదు. ఉడికిన బియ్యంలో కలిపి, సంచుల్లో కట్టి చీకటిగదిలో పెడితే రెండు వారాలకు ఆకుపచ్చగా కమ్ముకుంటుంది. నీళ్లలో కలిపి పొద్దుగూకాకే కొట్టాలి; ఎండ తగిలితే బూజే చస్తుంది. మొదటి విడత కొట్టి పది రోజులైంది. ముదీర్ ఇచ్చిన గడువు ఈ సాయంత్రంతో సరి. గుణం కనపడకపోతే రేపు మళ్లీ మందు డబ్బా తెరుస్తారు. వద్దనడానికి రేపు అల్లాబకాష్ ఉండడు. అరవై దాటాయని వీసా రద్దు చేశారు. తెల్లవారితే ప్రయాణం.

రెండో విడత కొట్టడానికి మధ్యాహ్నం గది తలుపు తీస్తే అరలన్నీ ఖాళీ. ఆయన పని అందుకోబోయే జగిత్యాల రాజమౌళి చీపురుతో నిలబడి ఉన్నాడు.

"రేపటి సంది నాదే గదా అని సాఫ్ చేసిన చాచా. బియ్యం బూజు వట్టినయ్, పడేసిన."

"యాడ?"

"పెంట మీద."

అల్లాబకాష్‌కు ఒళ్లు మండింది. తిట్టబోయి ఆగాడు. బూజు పట్టిన అన్నం ఎవరు దాచుకుంటారు? మొదట్లో తనూ డాక్టరును వెర్రివాణ్ని చూసినట్టే చూశాడు.

పెంట దగ్గరికి పరుగెత్తాడు. పైనున్న నాలుగు సంచులు ఎండకు కాగిపోయాయి. అడుగున, పేడలో కూరుకున్న రెండు చల్లగానే ఉన్నాయి. వాటిని చొక్కాలో చుట్టి తెచ్చాడు.

"అన్నిటికీ చాలదప్పా. పిల్లలకు, సూడి ఒంటెలకు కొడదాం. పొద్దు గుంకనీ."

సాయంత్రం ముదీర్ సీసా తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. చచ్చిన పిడుదుల మీద ఆకుపచ్చ నూగు లేచి ఉంది.

"ఒక నెల చూద్దాం," అన్నాడు హిందీలో. "అప్పటిదాకా మందు ఖలాస్. కొత్త మనిషికి నేర్పావా?"

"ఈ పొద్దే నేర్చుకున్నాడు సార్," అన్నాడు అల్లాబకాష్ నవ్వకుండా. రాజమౌళి తల దించుకున్నాడు.

పొద్దుగూకాక ఇద్దరూ కలిసి చెవుల్లో, తోక కింద, తొడల సందుల్లో కొట్టారు. తర్వాత అల్లాబకాష్ బియ్యం ఉడకబెట్టి, చల్లార్చి, విత్తనం కలిపి ఆరు కొత్త సంచులు కట్టాడు. వదిలి వెళ్లాలంటే ఏడుపొచ్చింది. చేతులు మాత్రం ఆపలేదు.

తెల్లారి రాజమౌళి లేచేసరికి పక్క మంచం ఖాళీ. చీకటిగది తలుపుకు తాడుముక్కతో ఓ అట్ట కట్టి ఉంది. మూడో తరగతితో ఆగిపోయిన వంకర అక్షరాల్లో, తెలుగులో, దాని మీద ఇంతే రాసి ఉంది: 'పాడు కాలేదు. పారేయొద్దు.'