లాకుదొర, సోములమ్మ గుర్రాలు

అనంతగిరి పై కొండల్లోకి లాకు అన్న మాటను తెచ్చినవాడు పోలయ్య. తేకుండా ఉంటే బాగుండేదని తరవాత తనే చాలాసార్లు అనుకున్నాడు.

నిజానికి అక్కడున్నది మద్ది చెక్కల తలుపు. కొండవాగును అక్కడ గెడ్డ అంటారు. దాన్నుంచి జమీందారీ ఎస్టేటువాళ్ళు కింది మళ్ళకోసం ఒక పిల్లకాలవ తవ్వించి, దాని మొదట్లో రెండు రాతి దిమ్మలు కట్టి, మధ్యలో ఆ తలుపు దించారు. తాడు లాగితే లేస్తుంది, వదిలితే పడుతుంది. లాగడానికీ వదలడానికీ ఒక మనిషి కావలసివచ్చి, గోదావరి కాలవల మీద లస్కరుగా పనిచేసిన పోలయ్యను పెట్టారు. పితూరీ చల్లారిన మరుసటేడు సంగతి అది.

గోదావరి లాకులు లాకులంటే లాకులే. ఏనుగంత తలుపులు తెరుచుకుంటాయి, నీళ్ళు నిండుతాయి, ధాన్యం పడవలు మెట్టెక్కినట్టు పైకి లేస్తాయి. వాటిలో పోలయ్య పని పడవ మీంచి విసిరిన తాడు అందుకుని గుంజకు కట్టడం. తలుపులు తిప్పేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. ఆ సంగతి అతను కొండమీద ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఎస్టేటువాళ్ళు అతనికి ఇత్తడి బొత్తాల ఖాకీ కోటు ఇచ్చారు. అది తొడుక్కుని మొదటిసారి గూడెంలోకి వెళితే జనం ఇళ్ళలోకి పరిగెత్తారు. తన ముఖంలో ఏదో అధికారపు కళ ఉందనుకుని పోలయ్య ఆ రాత్రంతా మురిసిపోయాడు. మర్నాడు గూడెం పెద్ద సోంబరు వచ్చి ఆ ముచ్చట తీర్చేశాడు.

"పోలీసోడివనుకున్నాం బాబూ. దగ్గిరికొచ్చినాక కాదని తెలిసింది."

"ఎలా తెలిసింది?"

"పోలీసోడి కాళ్ళకి బూట్లుంటాయి కదేటి."

పోలయ్య తన ఉత్త కాళ్ళ వంక చూసుకుని నవ్వాడు. తనమీద తను నవ్వుకోవడం అతనికి కొత్త కాదు. దేవుడు తనకు పెద్దగా ఏమీ ఇవ్వకపోయినా నవ్వుకోవడానికి కావలసినంత సరుకు ఇచ్చాడని అతని నమ్మకం.

ఆ సోంబరే ఇంకోరోజు తలుపు చూపించి ఇదేటని అడిగాడు. 'తలుపు' అనొచ్చు. కానీ తలుపు మరీ చిన్న మాటలా తోచింది పోలయ్యకు. "దీన్ని లాకు అంటారు" అన్నాడు. అంతటితో ఆగినా సరిపోయేది. "లాకున్న చోటికి పడవలొస్తాయి" అని కూడా అన్నాడు. ఆనాటి నుంచి అతనికి లాకుదొర అని పేరు పడింది. సంతకు పోయేవాళ్ళంతా ఆగి "పడవెప్పుడొత్తాది లాకుదొరా?" అని అడిగేవారు. "వానలు పడనీండి" అనేవాడు. కాలవలో ఒక గేదె అడ్డంగా పడుకుంటే నీళ్ళు ఆగిపోయేవి. "పడవ రావాలంటే ముందు ఆ పడవనే నిలువునా కోసి తేవాలిరా పోలయ్యా" అని తనకు తనే చెప్పుకునేవాడు.

పడవలు రాలేదుగాని గుర్రాలు వచ్చేవి. అవి సోములమ్మవి.

సోములమ్మది అరకు వైపు గూడెం. మొగుడు పోయాక అతని తట్టువులను అమ్మకుండా తనే తోలుకునేది. కొండ మీది పసుపూ పిప్పళ్ళూ వాటి మీద వేసి శృంగవరపుకోట సంతకు దించేది. తిరిగి ఉప్పూ ఎండుచేపలూ ఎక్కించుకుని వచ్చేది. వస్తూ వస్తూ లాకు దగ్గర బస్తాలు దించి తట్టువులను గట్టుమీదికి వదిలేసేది. చుట్టూ కొండలు ఎండిపోయిన రోజుల్లో కూడా కాలవ గట్టున గడ్డి పచ్చగా ఉండేది.

తట్టువులంటే పెద్దవేం కావు, పోలయ్య ఛాతీ దాకా వచ్చేవి. అయినా అవి వచ్చినప్పుడు అతను గుడిసెలోకి పోయి తలుపు వేసుకునేవాడు. సందులోంచి చూసేవాడు. పొగమంచులో తలలు వంచి అవి తడిగడ్డిని కొరుకుతుంటే కొత్త గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు అతనికి ఇష్టంగా ఉండేది. బయటికి పోయి వినడానికి మాత్రం కాళ్ళాడేవి కావు. 'వాటి పని అవి చేసుకుంటున్నాయి. లాకుదొరగారే లోపల దాక్కున్నారు' అనుకునేవాడు.

ఇలా ఉండగా ఓవర్సీరు గణపతిరావు తనిఖీకి వచ్చాడు. గట్టు చూసి మండిపడ్డాడు.

"ఏమిటయ్యా ఇది? గట్టంతా డెక్కల గుంటలు! రేపు గండి పడితే ఎవడు పూడుస్తాడు?"

"గుర్రాలండి."

"గుర్రాలని కనిపిస్తూనే ఉంది. నీకు గుర్రాల అలవాటుందా?"

లేదండీ అంటే అయిపోయేది. "వాటి మధ్యనే పెరిగానండి" అన్నాడు పోలయ్య. వాళ్ళ ఊరికి పెళ్ళిళ్ళకు అద్దె గుర్రం ఒకటి వచ్చేది. అది పోలయ్య పెళ్ళికి కూడా రాలేదు. ఆ పెళ్ళాం విషజ్వరాల ఏడు కన్నుమూసింది. ఆమె బతికి ఉంటే ఆ మాట విని చెంగు నోట్లో కుక్కుకునేది.

"మంచిది. ఈసారి వస్తే పట్టుకుని బందెలదొడ్డికి తోలెయ్" అని గణపతిరావు వెళ్ళిపోయాడు.

మళ్ళీ గుర్రాలు వచ్చిన రోజున పోలయ్య కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, తాడు చేతపట్టుకుని బయల్దేరాడు. తనకు వచ్చిన విద్య ఒక్కటే, పడవను కట్టడం. గుర్రాన్ని కాళ్ళున్న పడవ అనుకుంటే సరిపోతుందని ధైర్యం చెప్పుకున్నాడు. ఉచ్చు విసిరాడు. అది తిన్నగా పోయి ముందున్న ముసలి ఆడతట్టువు మెడలో పడింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు పోలయ్యే.

కాని కట్టడానికి గుంజ ఏదీ? చుట్టూ చూశాడు. ఉన్న గుంజ తనే. తాడు రెండో కొస నడుముకు చుట్టి, గోదావరి ముడి బిగించి, "పద" అని గద్దించాడు.

అది నిజంగానే పోయింది.

గట్టు దిగింది, కాలవలో పడింది, అవతలికెక్కింది, బురద మడి చుట్టూ తిరిగింది. పోలయ్య కాసేపు పరిగెత్తాడు. తరవాత పరిగెత్తవలసిన అవసరం లేకపోయింది. "అత్తా! ఆగే అత్తా!" అన్న సోములమ్మ కేక వినపడి గుర్రం టక్కున నిలబడింది. సోములమ్మ అత్తగారు కూడా వచ్చి ఈ వైభోగం చూస్తోంది కాబోలనుకుని పోలయ్య బురదలోంచి తలెత్తాడు. అత్త అన్నది ఆ గుర్రం పేరని తరవాత తెలిసింది. కరుస్తుంది, చెప్పిన మాట వినదు, అందుకని ఆ పేరు పెట్టింది సోములమ్మ.

"ఏటి బాబూ, ఏటి సేత్తన్నావు?" అంది ఆమె దగ్గరికి వచ్చి.

"నీ గుర్రాన్ని పట్టుకున్నాను."

"అవునవును. గట్టిగానే పట్టుకున్నావు. ఇంక వొగ్గేయ్."

వదలడం ఎలా? తడిసేకొద్దీ బిగిసే ముడి అది. అతను పీకేకొద్దీ ఇంకా బిగిసింది. సోములమ్మ మొలలోంచి కొడవలి తీసింది. "కదలకు, కోసేత్తాను" అంది. ఏది కోస్తుందో చెప్పలేదు. పోలయ్యకు నవ్వు తన్నుకొచ్చింది. అతను నవ్వడం చూసి అంతవరకూ పెదవులు బిగబట్టుకున్న ఆమె కూడా నవ్వేసి, తాడు కోసింది. అత్త ఇద్దరినీ ఒకసారి చూసి గడ్డిలో తల పెట్టుకుంది.

బస్తాల పక్కన వెలిగించిన పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చోడి అంబలి ఇచ్చింది సోములమ్మ.

"నాకు గుర్రాలంటే భయం" అన్నాడు పోలయ్య, వేడి అంబలి ఊదుకుంటూ.

"తెలుసు. తలుపు సందులోంచి సూత్తావు కదా. అవీ నిన్ను సూత్తన్నాయి."

ఓవర్సీరు మాట విని ఆమె కోపగించుకోలేదు. గట్టు జారితే కింద తన చుట్టాల మళ్ళు కూడా పోతాయి. ఇకనుంచి రాతి దిమ్మల పక్క పల్లంలో మేపుకుంటానంది. అక్కడా గడ్డి ఉంది. పట్టుకున్నావా అని గణపతిరావు అడిగినప్పుడు "పట్టుకున్నానండి, అవింక గట్టెక్కవు" అన్నాడు పోలయ్య. అందులో అబద్ధం ఒక్కటీ లేకపోవడం అతనికే వింతగా ఉంది. అప్పటినుంచి సంత తిరుగుదారిలో గుర్రాలు పల్లంలోకి దిగగానే గుడిసె తలుపు తెరుచుకునేది. అతను బయట కూర్చునేవాడు, కొంచెం దూరంగానే.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. కింద మళ్ళలో వరి పాలు పోసుకుంటున్న సమయం. ఒక పొద్దుటిపూట గెడ్డ ఎర్రగా లేచింది. వరదనీరు కాలవలోకి పోకుండా తలుపు దించుదామని పోలయ్య తాడు వదిలాడు. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో పెద్ద దుంగ కొట్టుకొచ్చి తలుపు కిందికి దూరి ఇరుక్కుంది. తలుపు దాని మీద కూర్చుంది. నీరు కాలవ నిండి గట్టు అంచులు నాకుతోంది.

గూడెం అంతా పరిగెత్తుకొచ్చింది. దుంగను లాగుదామంటే బురదలో కాళ్ళు నిలవడం లేదు. ముసలి సోంబరు వానలో నిలబడి దాని వంక తేరిపార చూశాడు.

"ఇదేనేటి బాబూ పడవ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

పోలయ్య తలుపు తాడు మళ్ళీ లాగి చూశాడు, అది కదల్లేదు.

గెడ్డ దాటలేక సోములమ్మ తట్టువులతో అక్కడే ఆగిపోయి ఉంది. "తాళ్ళు తీయండి, బేగి!" అని బస్తాల తాళ్ళన్నీ విప్పి మెలివేసి, తట్టువులను ఒకదాని వెనక ఒకటి పూన్చింది, అత్తను అన్నిటికీ ముందు పెట్టి. తాడు రెండో కొస దుంగకు వేయాలి. ఆ పనికి పోలయ్య కోటు విప్పి గట్టున పడేసి దిగాడు. నీళ్ళంటే అతనికి భయం లేదు. ఛాతీలోతు వరదలో నిలబడి, దుంగకు రెండు చుట్లు చుట్టి, తడిసేకొద్దీ బిగిసే ముడి వేశాడు. జీవితంలో ఆ ముడి మొదటిసారి చోటెరిగి పనిచేసింది.

"లాగండే!" అని సోములమ్మ అరిచింది. అత్త కదల్లేదు. బతిమాలింది, తిట్టింది, తోక మెలిపెట్టింది. ఉహూఁ. ముందున్నది కదలకపోతే వెనకవి ఏం కదులుతాయి?

సోములమ్మ పోలయ్య వైపు తిరిగింది. "బాబూ, నువ్వు రా! నిన్ను సూత్తే దానికి పడదు. ఆ కోటు తొడుక్కుని రా!"

ఇంతకంటే గొప్ప పదవి తనకు ఎవరూ ఇవ్వలేదనుకుంటూ పోలయ్య తడి కోటు తొడుక్కున్నాడు. రెండు చేతులూ చాచి, కోటు రెక్కలు టపటపా కొట్టుకుంటుండగా, భయంతో కళ్ళు సగం మూసుకుని, "హోయ్! హోయ్!" అని అరుస్తూ వెనకపక్కనుంచి అత్త మీదికి పోయాడు. అత్త చెవులు వెనక్కి మడిచింది. అతని తొడమీద ఒక్క తాపు తన్ని, దూకింది. దానివెంట మిగతావీ దూకాయి. దుంగ కిర్రుమని బయటికొచ్చింది. తలుపు దభీమని పడింది.

అప్పటికే కింద ఒకచోట గట్టు తెగి సోంబరు మడి సగం ఇసుక మేట వేసింది. మిగిలిన మళ్ళు దక్కాయి. పోలయ్య బురదలో వెల్లకిలా పడి, వాన నోట్లో పడుతుంటే, తొడ పట్టుకుని ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు. సోములమ్మ వచ్చి తొడ నొక్కి చూసింది. "ఇరగలేదు" అంది. ఆమె చెయ్యి అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపు అక్కడ ఉందేమోనని అతనికి అనిపించింది. 'దెబ్బకి మతి పోయినట్టుంది' అని సర్దుకున్నాడు.

కథ కొండ దిగి గణపతిరావు చెవిన పడేసరికి రూపం మారింది. గుర్రాల మధ్య పెరిగినవాడు కనక ఒక్క సైగతో తట్టువుల దండును నడిపించి ఎస్టేటు కాలవను కాపాడాడని చెప్పుకున్నారు. నెల తిరగకుండా గణపతిరావు మనిషి ఎత్తు గుర్రాన్ని ఒకదాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎస్టేటు పెద్దలు మెచ్చి పంపారు. ఇకనుంచి దానిమీద తిరిగి కాలవంతా తనిఖీ చెయ్యాలి.

నిజం చెప్పడానికి పోలయ్య నోరు తెరిచాడు. "చిత్తమండి" అన్న మాట బయటికొచ్చింది.

కళ్ళెం చివర పట్టుకుని, గుర్రానికీ తనకూ మధ్య తాడంత దూరం ఉంచి, దాన్ని సోములమ్మ దగ్గరికి నడిపించుకుపోయాడు.

"ఎక్కడం నేర్పాలేటి?" అందామె.

"ముందు దిగడం నేర్పు. ఎక్కడం సంగతి తరవాత."

దిగడం అతనికి చాలా బాగా వచ్చింది. ఎడమవైపు నుంచీ, కుడివైపు నుంచీ, ఒకసారి తలమీదుగా కూడా దిగాడు. సంత తరవాత సంతకు పాఠం సాగింది, రాతి దిమ్మల పక్క పల్లంలో, తట్టువులు మేస్తూ చూస్తుండగా. గుర్రం మీద నిలకడ రాలేదుగాని కిందపడ్డ ప్రతిసారీ ఆమె వచ్చి చెయ్యందించడం అలవాటైపోయింది. ఒకనాడు చెయ్యి అందించి వదలకుండా అంది:

"నువ్వెలాగా ఒంటిగానే ఉన్నావు. నానూ ఒంటిగానే ఉన్నాను. మారుమనువు మాలో తప్పు కాదు. ఓలి ఏటిత్తావు?"

పెళ్ళికూతురికి ఇచ్చే కట్నం కింద ఏమివ్వాలా అని పోలయ్య ఆలోచించాడు. కోటు ఎస్టేటుది. గుడిసె ఎస్టేటుది. గుర్రమూ ఎస్టేటుదే.

"ఇక్కడి గడ్డి ఇత్తాను" అన్నాడు.

"అదీ ఎస్టేటుదే కదేటి."

"ఎస్టేటు గడ్డి తినదు కదా."

సోములమ్మ సరేనంది.

మాఘంలో గూడెం పెద్దలు కూర్చుని వాళ్ళిద్దరినీ కలిపారు. జీలుగు కల్లు తాగి సోంబరు థింసా ఆడుతూ కాలవలో పడ్డాడు.

వేసవి మొదట్లో గణపతిరావు మళ్ళీ వచ్చినప్పుడు దారిలోనే వాళ్ళు ఎదురయ్యారు. ఎత్తు గుర్రం మీద సోములమ్మ కూర్చుని ఉంది. ఒక చేత కళ్ళెం, ఒక చేత పార పట్టుకుని పోలయ్య ముందు నడుస్తున్నాడు.

"అదేమిటయ్యా, నువ్వెక్కలేదేం?"

"ఎక్కితే గుర్రం చెవులు తప్ప కాలవ కనపడదండి" అన్నాడు పోలయ్య.

గణపతిరావు తల ఊపి, తానూ వంగి కాలవలోకి చూశాడు. పైనుంచి సోములమ్మ చెయ్యెత్తి చూపించింది.

"అదిగో, ఆ తుప్ప కింద పీతలు బొక్క పెట్టేసినాయి. నీరు కారిపోతంది. బేగి పూడ్సీ."

పోలయ్య కళ్ళెం ఆమెకు అందించి, పార భుజాన వేసుకుని గట్టు దిగాడు.